మూడు రాళ్ళ మీద కాఫీ

చిన్నల్లుడి కాఫీ డబ్బాలో బొగ్గు పొడి నింపాలని పెద్దల్లుడు ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నాడు. బొగ్గు ఎలాగూ అడవిలో దొరుకుతుంది కదా అని వెంట తెచ్చుకోలేదు.

వాళ్ళ మామకు బజారు మధ్యలో కాఫీ కొట్టు ఉంది. దాన్ని ఇద్దరల్లుళ్ళలో ఎవరికి అప్పగించాలో తేల్చడానికి ఆయన కొట్టుకు తాళం వేసి, ఇంటిల్లిపాదినీ అడవిలో సరస్సు ఒడ్డుకు తీసుకొచ్చి టెంట్లు వేయించాడు.

"మిషన్లుంటే ఎవడైనా పెడతాడు కాఫీ. పుల్లలు ఏరుకుని, పొగలో కళ్ళు నులుముకుంటూ, మూడు రాళ్ళ మీద పెట్టినవాడే మొనగాడు" అన్నాడు.

తెల్లారాక ఇద్దరూ చెరో కాఫీ పెట్టాలి. ఎవరిది బాగుంటే కొట్టు వాళ్ళది.

మామ నాలుకంటే బజారంతా హడల్. గింజల వ్యాపారులు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన కప్పును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క గుక్క తాగి "అమృతం" అనో "ఛీ" అనో అనేవాడు. ఇక దానికి అప్పీలు లేదు. ఇంట్లో మాత్రం మహా మెత్తన. పెద్ద జ్వరం నుంచి లేచిన కొత్తలో ఒకసారి అత్త చక్కెరనుకుని ఉప్పు వేసిచ్చినా కిమ్మనకుండా గ్లాసు ఖాళీ చేశాడు. తనంటే ఆయనకు ఎంత ప్రేమో అని అత్త ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతుంది.

పెద్దల్లుడి బాధలో న్యాయం లేకపోలేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ కొట్లో గింజలు వేయిస్తున్నది అతనే. చిన్నల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నీళ్ళు తెర్లితే కాఫీ అయిపోయిందనుకునే రకం. అయినా అతను పొయ్యి మీంచి దించీ దించకుండానే గ్లాసు తెచ్చి చేతిలో పెడితే, మామ ప్రతిసారీ "అమృతం" అంటాడు. పెద్దల్లుడికి కడుపు మండిపోయేది.

సాయంత్రం అందరూ సరస్సు చూడటానికి వెళ్ళారు. తలనొప్పి అని ఆగిపోయిన పెద్దల్లుడు, చల్లారిన పొయ్యిలోంచి బొగ్గులు ఏరి తన చేతి మిల్లులో మెత్తగా పొడి చేశాడు. తోడల్లుడి డబ్బా ఖాళీ చేసి బొగ్గు నింపాడు. అనుమానం రాకుండా పైన కాస్త కాఫీ పొడి చల్లాడు. అది కూడా మేలురకమే చల్లాడు. నాసిరకం చల్లడానికి మనసొప్పలేదు.

తెల్లారింది. మంచుకు జలుబు పట్టిన చిన్నల్లుడు తుమ్ముతూనే డబ్బాలో ఉన్నదంతా గిన్నెలోకి దులిపాడు. పాలు, చక్కెర వేసి కుతకుతా ఉడికించి, పొగలు కక్కుతున్నదాన్ని అలాగే గ్లాసులోకి వంచి మామ చేతికిచ్చాడు.

పెద్దల్లుడు పద్ధతి తప్పలేదు. గింజలు అప్పటికప్పుడు పొడి చేశాడు. తెర్లిన నీళ్ళు కాస్త నెమ్మదించేదాకా ఆగాడు. గుడ్డలో పొడి వేసి చుక్క చుక్కగా వడగట్టాడు. ఆ వాసనకు పక్క టెంట్లవాళ్ళు తలలు బయటపెట్టారు. కప్పు మామ ముందుకు చేరేసరికి ఆవిరి రావడం ఆగిపోయింది.

మామ ముందు చిన్నల్లుడి గ్లాసు ఎత్తాడు. ఒక గుక్క తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు నల్లబడ్డాయి.

"అమృతం!" అన్నాడు.

తర్వాత పెద్దల్లుడి కప్పు అందుకున్నాడు. అరచేతుల మధ్య పట్టుకోగానే మొహం చిట్లించాడు. ఒక గుక్క తాగాడు.

"ఛీ!"

"ఛీనా?" పెద్దల్లుడి గొంతు కీచుమంది. "మామయ్యా, మీరు అమృతమన్నది కాఫీ కాదు, బొగ్గు! నిన్న సాయంత్రం ఈ పొయ్యిలోదే నేను స్వయంగా పొడి చేసి పోశాను!"

చిన్నల్లుడు తుమ్మబోయి ఆపుకున్నాడు. మామ తొణక్కుండా గ్లాసు కింద పెట్టాడు.

"నీ నోటితో నువ్వే చెప్తావని అలా అన్నాను. ఇక కొట్టు గడప తొక్కకు" అన్నాడు.

అత్త రెండు చేతులూ ఎత్తి మొగుడికి దణ్ణం పెట్టింది. పెద్దల్లుడు తలొంచుకుని, మిల్లు చంకన పెట్టుకుని, బస్సు వచ్చే రోడ్డు వైపు నడిచాడు. అతన్ని చూసి చిన్నల్లుడికే జాలేసింది.

అతను కనుమరుగు కాగానే మామ చిన్నల్లుణ్ణి చెట్టు చాటుకు లాక్కెళ్ళాడు.

"కొట్టు నీదే అల్లుడూ. కానీ నువ్వు పరిగెత్తుకెళ్ళి, కాళ్ళో చేతులో పట్టుకుని వాణ్ణి వెనక్కి తీసుకురా. నేను పంపానని మాత్రం చెప్పకు."

"అదేంటి మామయ్యా! బొగ్గు పోశాడని ఒక్క గుక్కలో పట్టేసింది మీరే కదా?"

మామ అటూ ఇటూ చూసి, నల్లటి పళ్ళు కనబడేలా చెవి దగ్గరకు వంగాడు.

"నా మొహం పట్టాను! ఆ పెద్ద జ్వరం తర్వాత నాకు రుచీ వాసనా తెలిసి చస్తేగా, ఏది నోరు కాలిస్తే దాన్నే అమృతమంటున్నాను. మన కొట్లో కాఫీ రుచి తెలిసినవాడు వాడొక్కడే!"