పంతొమ్మిదో రాయి

జీపులో కూర్చుని ప్రభాకర్ పాత జీపీఎస్‌కు కేబుల్ తగిలించి, సర్వే ఆఫీసు పాతించిన రాళ్ల పాయింట్లన్నీ లాప్‌టాప్ నుంచి ఎక్కించాడు.

సాయంత్రానికి పద్దెనిమిది రాళ్లు చూశాడు. అన్నీ ఊళ్లకన్నా ఎత్తులోనే ఉన్నాయి.

పంతొమ్మిదో రాయి కోసం తెరమీది బాణం గుర్తు వెంట నడిస్తే, అది గోదావరి ఒడ్డున మేకలు కాసుకునే ముసలామె పుల్లమ్మ ఇల్లు దాటించి గుట్టెక్కించింది. ఆ రాయికి మేక కట్టేసి ఉంది. పుల్లమ్మ వెనకే ఎక్కి వచ్చింది.

"వరదొస్తే మేకలన్నిటినీ గీడికే తోల్కొస్త సారూ. ఎనభై ఆరు వరదల గూడ నీళ్లు గింత పైకి రాలే. రాయి మంచి జాగల పాతిండ్రు."

ప్రభాకర్ కిందికి చూశాడు. చాలా దిగువన ఆమె ఇంటి కప్పు కనిపించింది.

"డ్యాం కట్టినంక నీళ్లు ఈ రాయి దాక నిలుస్తయ్ అవ్వా."

పుల్లమ్మ వంగి, మేక తాడు విప్పడం మొదలుపెట్టింది.