పడవా, సొరకాయ బుర్రా?

మా అడవి చెరువు ఎంత పెద్దదంటే, అవతలి గట్టు చూపుకు అందేలోపు నాకు చత్వారం వచ్చేసింది. అందులో నీటికుక్క పంతులమ్మ పిల్లలకు ఈత నేర్పేది. అందరికీ వచ్చింది గాని, బుల్లి అనే పిల్లకు మాత్రం రాలేదు. వానలొస్తే బొరియలు మునుగుతాయి. ఈత రాని పిల్ల బతకదు.

అప్పుడొచ్చింది ఒక కోతి, ఏనుగంత మూట మోసుకుంటూ.

"పంతులమ్మగారూ, నెమలీకల పడవండీ! కూర్చుంటే చాలు. పక్క చెరువులో ఎగబడి తీసుకున్నారు!"

"బాగుందో లేదో పక్క చెరువు కాదు నాయనా, మునిగే పిల్ల చెప్పాలి."

బుల్లి పడవెక్కింది. ఒళ్లు తడవకుండా చెరువంతా తిరిగి, హాయిగా నిద్రపోయింది. ఈత వచ్చిందేమో చూద్దామని పంతులమ్మ పడవ లాగేసింది. బుల్లి బుడుంగున మునిగింది! పంతులమ్మే మెడ పట్టి పైకి తీసింది.

మూట అడుగున ఎండిన సొరకాయ బుర్రలు కనబడ్డాయి.

"అవి పాత సరుకండీ, మీ బడికి నామోషీ," అంది కోతి.

పంతులమ్మ వినలేదు. ఒక బుర్ర బుల్లి వీపుకు కట్టింది. బుర్ర మునగనివ్వదు గాని, ముందుకు పోవాలంటే బుల్లే కాళ్లాడించాలి. రోజురోజుకూ ఇంకా చిన్న బుర్ర కట్టింది.

పదో రోజున బుల్లి చెరువు నడుమ ఈదుతూనే బుర్ర విప్పేసి, గట్టున కూర్చున్న కోతి వైపు విసిరింది.

"ఇదిగో కోతిమావా, పట్టుకుపో! నాకిక అక్కర్లేదు!"

"చూశావా? ఇలా తిరిగిచ్చేయగలిగిందే మా బడికి పనికొచ్చే సరుకు," అంది పంతులమ్మ.

ఆమె ఛాతీ పొంగిన పొంగుకు చెరువుగట్టు రెండు బారలు వెనక్కి జరిగింది. నమ్మకపోతే వెళ్లి కొలుచుకోండి.