మూతెడు నీళ్లు

"నీళ్లొద్దవ్వా," అన్నాడు ఆ కొత్త మనిషి.

వజ్రమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. కోరుట్లలో మే నెల ఎండ మండిపోతోంది. అంత ఎండలోనూ అతను మణికట్టు దాకా గుండీలు పెట్టిన నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు. ఆమె నొచ్చుకుందని చూసి, తన సీసా మూతలో ఇన్ని నీళ్లు పోయించుకుని నాలుక తడుపుకున్నాడు.

"ఆఫీసర్లకు మన నీళ్లు పడవే అవ్వా," అన్నాడు కొడుకు వేణు వెటకారంగా.

వేణుకు దేని మీదా మనసు నిలవడం లేదు. గడపకూ వాకిలికీ తిరుగుతున్నాడు. వారంలో మస్కట్ విమానం. అంతకుముందే మెడికల్ పరీక్ష. అందులో అన్‌ఫిట్ అని పడితే వీసా పోయినట్టే.

ఆ మనిషి వెంట తెచ్చిన డబ్బాలోంచి చిన్న ఖాళీ సీసా తీశాడు.

"నా పేరు విఠల్, తమ్మీ. గిండ్ల జెరంత మూత్రం పోసియ్యి. హైదరాబాద్‌ల సైంటిస్టులు కొత్త మందు చేసిండ్రు, ఇంకా పరీక్షలనే ఉంది. ఒక సుక్క ఏసి నీలం లైటు కింద పెడితే, కిడ్నీకి దెబ్బ మొదలైతే మెరుస్తది. రక్త పరీక్షల దొరకకముందే దొరుకుతదట."

"దొరికితే ఎవలకు చెప్తవ్?"

"నీకే. ఇంకెవలకు?"

వేణు నమ్మలేదు. వీసా ఇప్పించే ఏజెంటు లచ్చయ్యే పంపి ఉంటాడు, ముందుగానే ఏరిపారేయడానికి. పోయిన ఎండాకాలం కట్టడం పని సైట్‌లో తను రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డ సంగతి ఎవరో చేరవేశారు!

సీసా పట్టుకుని లోపలికి పోయాడు. మెడికల్ అంటే వేరేవాళ్ల సీసా ఇవ్వడం ఆ వాడలో అందరికీ తెలిసిన ఉపాయమే. భార్య లత చేతిలో పెట్టాడు.

"పొద్దుగాల లేస్తే నీ కాళ్లు ఉబ్బుతున్నయి. నీదే ఇయ్యరాదు?" అంది లత.

"సప్పుడు చెయ్యకు. నువ్వియ్యి."

వేణు తెచ్చిచ్చిన లత సీసాలో విఠల్ మందు చుక్క వేశాడు. వెలుతురు తగలకుండా వజ్రమ్మ ఇచ్చిన గొంగడి కప్పుకుని లోపల లైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

బయటికి వచ్చేసరికి అతని కళ్లు చెమర్చి ఉన్నాయి. నవ్వుతున్నాడు.

"మెరుస్తలేదు తమ్మీ! నా పానం నిమ్మలమైంది. పోయి రా. గంటగంటకు నీళ్లు మాత్రం తాగు. మేస్త్రీ తిట్టనీ, నువ్వు తాగు."

అతను వాకిలి దాటగానే వేణు పగలబడి నవ్వాడు.

"ఇంకా సందు మళ్లలేదు, పిలువు," అంది లత.

వేణు పిలవలేదు.

మెడికల్ కూడా అదే ఉపాయంతో గట్టెక్కింది. ఎనిమిది నెలలకు మస్కట్ నుంచి చక్రాల కుర్చీలో దిగాడు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు.

జగిత్యాలలో డయాలసిస్ గది. ఇందుకోసమే ఆపరేషన్ చేశాక తాడులా ఉబ్బిన చేతి నరానికి నర్సు ఊర్మిల సూది గుచ్చింది.

"అక్కా, దూప," అన్నాడు వేణు.

ఆమె ఒక సీసా మూత అందించింది.

"ఎక్కువ తాగొద్దు. గీ మూతతోని నాలిక తడుపుకో. విఠలన్న గట్లనే చేసేది. గీ మంచం ఆయనదే. పోయిన నెల సచ్చిపోయిండు."

వేణు తలెత్తి ఆమెను చూశాడు.

"డబ్బా పట్టుకొని తిరిగే ఆఫీసరా?"

"ఆఫీసరేంది? నీకున్నసొంటి నరమే ఉండె ఆయనకు గూడ, చూస్తే మీరు బెదురుతరని నిండు చేతుల అంగి తొడిగేది. దుబాయ్‌ల పన్నెండేండ్లు ఎండల కంకర మోసి కిడ్నీలు పోగొట్టుకున్న కూలి తమ్మీ ఆయన, వారంల మూడు రోజులు గీ మంచం మీద పండి, మిగిలిన రోజులు మీ ఇండ్లు తిరిగేది."