లైట్లకి అక్క, షాటుకి చెల్లి

ఆగండాగండి, అప్పుడే వెళ్ళిపోకండి! ఇది విని, చివర్లో ఒక్క మాట చెప్పి వెళ్దురుగాని.

"ఇక లే అక్కా, నా షాట్," అంది చెల్లి.

అక్క లేవలేదు.

అది టీవీ సినిమా సెట్టు. పౌర హక్కుల పోరాటం కథ. కింది కులాల వీధివాళ్ళు లైబ్రరీలో కూర్చుని చదవకూడదని రూలున్న కాలంలో, ఒకామె వెళ్ళి కుర్చీలో కూర్చుంటుంది. పోలీసులొచ్చినా లేవదు. ఆ వేషం చెల్లిది. చెల్లి మేకప్ అయ్యేదాకా అలాంటి చీరే కట్టుకుని, అదే కుర్చీలో కూర్చుని, ముఖం మీద లైట్లు వేయించుకునే పని అక్కది. ఇద్దరిదీ ఎత్తు ఒకటే, రంగు ఒకటే, ఆఖరికి ముక్కు కూడా ఒకటే. పోస్టర్ మీద ముక్కు మాత్రం చెల్లిది! దాన్ని చూసినప్పుడల్లా అక్క కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది.

"అక్కా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పొద్దుట్నుంచీ ఈ లైట్ల కింద మాడింది నేను. నువ్వు ఏసీలో జ్యూస్ తాగొచ్చావ్."

"నామీద ఏడిస్తే ఏం లాభం? నన్ను తీసుకుంది డైరెక్టర్ గారు."

"అవునే మహారాణీ! ఇంట్లో కూర్చోబెట్టి నీకు డైలాగులు బట్టీ పట్టించింది మాత్రం నేను."

అసిస్టెంట్ పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్ వచ్చేశారు, లేమ్మా."

చెల్లేమో మేడమ్. తనేమో అమ్మా!

"లేవను."

పోలీసు వేషగాళ్ళిద్దరు టీ కప్పులు కింద పెట్టి వచ్చారు. ఒకడు నిజంగానే రెక్క పట్టుకున్నాడు. అక్క రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"లేవనంటే లేవను! ఈ కుర్చీలో కూర్చోడానికి నాకేం తక్కువ?"

లైట్‌మ్యాన్ ఉండబట్టలేక చప్పట్లు కొట్టాడు. ఆ వెంటనే అందరూ కొట్టారు.

డైరెక్టర్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "అబ్బ, ఒళ్ళు జలదరించింది! ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది ఇదే. ఒరేయ్, ఆ డైలాగ్ రాసుకో, పెట్టేద్దాం!"

చెల్లి ముఖం మాడిపోయింది. తన కడుపులోని మంట చెల్లి కళ్ళలోకి ఎక్కడం అక్క స్పష్టంగా చూసింది. ఎంత చల్లగా ఉందో ప్రాణానికి!

డైరెక్టర్ చెల్లి వైపు తిరిగాడు. "చూశావుగా? అచ్చం ఇలాగే చెయ్యాలి."

తర్వాత అక్క భుజం తట్టాడు. "థ్యాంక్సమ్మా. ఇక లే, మేడమ్‌ని కూర్చోనీ."

చెప్పండి, మీరైతే లేస్తారా?