కిమురా మామ్మ గుమ్మంలో మంచు

జపాన్‌లోని అవొమొరిలో ఇంటింటికీ మంచు ఎత్తే యంత్రం వచ్చేసింది, ఒక్క కిమురా మామ్మకి తప్ప. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికొచ్చి ఆవిడ పక్కింట్లో దిగిన భానోజీ జాలిపడి, తన యంత్రానికి ఆవిడ గుమ్మం కూడా పురమాయించాడు. తెల్లారి చూస్తే, అది ఎత్తిపోసిన మంచునే మామ్మ బకెట్లతో తెచ్చి గుమ్మంలో గుమ్మరించుకుని, మళ్లీ పారతో తీస్తోంది!

భానోజీకి బుర్ర తిరిగిపోయింది. "అదేటి మామ్మా, నావల్ల తప్పేటైనా జరిగిందా?"

చెవిలోని అనువాద యంత్రం ఆవిడ జవాబు వినిపించింది. "పొద్దున్నే నా పార గీతలు కనబడితేనే కదయ్యా, ముసల్ది ఇంకా బతికే ఉందని వీధికి తెలిసేది!"

యంత్రం నున్నగా తుడిచిన అతని గుమ్మాన్ని మామ్మ అనుమానంగా చూసింది. "ఒంటరిగా ఉంటావు. మరి నువ్వు బతికున్నట్టు మాకెలా తెలుస్తుంది?"

అడుగు దూరంలో నిలబడ్డ ఆవిడకి భానోజీ చెయ్యెత్తి ఊపాడు.