మాట మనిషి

"మీ ఇద్దరిలో ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళెవరమ్మా?" అని డాక్టరు మామూలుగానే అడిగాడు. గడ్డివాములో నిప్పురవ్వ పడేసినట్టయింది.

"నేనే," అంది అక్క, డాక్టరు నోరు మూసేలోపే.

పక్కన నిలబడ్డ మరదలు మంచం మీది తలగడ సర్దింది.

మంచం మీదున్నాయన అక్కకి తమ్ముడు, మరదలికి మొగుడు. సైన్యంలో చేసొచ్చాడని వీధంతా మిలిటరీ అనే పిలుస్తుంది. యుద్ధంలో పీల్చిన పొగ ఇన్నేళ్ళకి ఊపిరితిత్తుల్ని పట్టుకుంది. త్వరలోనే మర పెట్టి ఊపిరాడించాలి. అప్పుడిక ఆయనకి మాట ఉండదు.

ఆ మాజీ సైనికుల ఆస్పత్రిలో ఒక పద్ధతుంది. రోగం ఒకటే అయినా అందరికీ ఒకే వైద్యం చెయ్యరు. నీకేం కావాలి, ఏది వద్దు, ఏది పోతే బతకలేవు అని ముందే మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. తర్వాత అవే ప్రశ్నలు ఇంటివాళ్ళని విడివిడిగా అడుగుతారు. ఎవరి జవాబులు ఆయన జవాబులతో కలిస్తే వాళ్ళే ఆయనకి మాట మనిషి. రేపు ఆయన నోరు పడిపోతే వాళ్ళు చెప్పిందే ఆయన మాట.

"వచ్చే వారం అడుగుతాను, ఆలోచించుకుని రండి," అన్నాడు డాక్టరు.

అక్కకి ఆలోచించడానికేముంది? తమ్ముణ్ణి చంకనేసుకుని తిప్పింది ఆవిడ. వాడి పాలపన్ను ఊడింది ఆవిడ చేతిలో. మధ్యలో ఈ పిల్లొచ్చి వాణ్ణి ఎగరేసుకుపోయింది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మరి నా సగం వాటా ఏదే?" అని పెళ్ళైన కొత్తలో అడిగింది. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వులాటకి అడగలేదు.

పైగా ఆ వారమంతా మరదలు నోరు మూసుకోలేదు. పలకరిస్తే తప్ప పలకని మనిషి, ఆస్పత్రి వరండాలో బల్ల మీద చేరి ఒకటే గొప్పలు.

"ఆయనకి ఎడమ చెవి వినబడదు వదినా. బాంబు చప్పుడికి పోయింది. ఏం చెప్పినా కుడిపక్క నిలబడే చెప్పాలి."

"అబ్బో," అంది అక్క.

"లైటు ఆర్పితే నిద్రపోరు. నొప్పికి మందు ఎక్కువిస్తే ఒప్పుకోరు. మత్తుగా పడుంటే కాపలా వదిలేసి నిద్రపోయినట్టుంటుందంటారు."

"నువ్వే కన్నట్టు చెబుతున్నావే!"

మరదలు నవ్వింది. మళ్ళీ మొదలు.

"మర పెట్టాక, ఇక లేవరని తేలితే మాత్రం దాన్ని తీసెయ్యాలట వదినా. కట్టేసి ఉంచొద్దన్నారు. నాతోనే అన్నారు."

నాతోనేట! చిన్నప్పుడు చీమ కుట్టినా అక్కతోనే చెప్పుకునేవాడు. ఇప్పుడు చావు మాట కూడా పెళ్ళాం చెవిలోనేనా? ఆ మధ్యాహ్నం మరదలు తెచ్చిన అన్నం అక్క ముట్టలేదు. ఉప్పెక్కువైందని వంక పెట్టింది. తినకుండానే ఉప్పెలా తెలిసిందని మరదలూ అడగలేదు.

ఒళ్ళు మండించిన మాట బుర్రలోంచి ఊరికే పోదు కదా. ఒక్కొక్కటీ వాత పెట్టినట్టు ఉండిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. డాక్టరు గుమ్మంలోకి రాగానే అక్క లేచింది. "పెద్దదాన్ని, ముందు నేను."

గదిలో డాక్టరు అడుగుతున్నాడు, అక్క చెబుతోంది. ఏ పక్క నిలబడి మాట్లాడాలి? కుడిపక్క. రాత్రిపూట లైటు? వెలుగుతూనే ఉండాలి. నొప్పి మందు? మెలకువ పోనంత. మర పెట్టాక, లేచే ఆశ లేదని మేం చెబితే?

"తీసెయ్యమంటాడు."

"ఆ మాట అప్పుడు మీరే మాతో చెప్పాలమ్మా. చెప్పగలరా?"

"వాణ్ణి ఎత్తుకు మోసినదాన్ని. ఇది మొయ్యలేనా?"

బయటికొచ్చి మరదలి కేసి చూసింది. నీ సరుకంతా నేనే అమ్మేశాను పో, అనుకుంది.

మరదలు లోపలికి వెళ్ళింది. తలుపు సరిగా పడలేదు. అక్క చెవి ఆ సందులోనే ఉంది.

"ఏ పక్క నిలబడాలమ్మా?"

"ఎడమపక్కండీ."

అక్క ఉలిక్కిపడింది.

"రాత్రి లైటు?"

"ఆర్పెయ్యాలి."

"నొప్పి మందు?"

"ఎంత ఎక్కువిస్తే అంత మంచిది."

"మర సంగతి?"

లోపల కుర్చీ కిర్రుమంది. "ఉంచమంటారు."

ఓసి నీ దుంప తెగ! డాక్టరు ఎదురుగా కూర్చునేసరికి ఉన్న మతి కాస్తా పోయింది పిచ్చిమొహానికి. అక్కకి జాలేసింది. జాలి కన్నా సంతోషమే ఎక్కువేసింది.

"ఆయన చెప్పినవన్నీ మీరూ చెప్పారమ్మా," అన్నాడు డాక్టరు బయటికొచ్చి. "ఇకనుంచి ఆయనకి మాట మనిషి మీరే."

అక్క కాలు నేల మీద నిలవలేదు. నర్సుకి చెప్పింది. గది ఊడ్చే అమ్మాయికి చెప్పింది. పక్క మంచం మీది కెప్టెనుకి రెండుసార్లు చెప్పింది. పాపం ఆయన రెండుసార్లూ సంతోషించాడు. ఇక చెప్పడానికి ఎవరూ మిగల్లేదని టీ తాగే వంకన కింది అంతస్తుకి దిగింది.

అప్పటికి గానీ మరదలికి మొగుడి మంచం దగ్గర చోటు దొరకలేదు.

"అక్క... అన్నీ... చెప్పిందా?" అన్నాడాయన ఆయాసపడుతూ.

మరదలు ఆయన మీద దుప్పటి సర్ది, మెల్లగా అంది:

"'తీసెయ్యండి' అనే మాట నా నోట రాదని తెలిసే కదండీ, ఇన్నాళ్ళూ పక్కన కూర్చోబెట్టుకుని వదినకి అన్నీ నేర్పించాను."