అనుబంధ ప్రశ్న

“ఇది ప్రశ్న కాదు పెద్దమ్మా, శాపనార్థం,” అంది గుమాస్తా, కాగితం వెనక్కి జరుపుతూ.

కౌంటరు అవతల నిలబడ్డ టైలరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. “మరెలా అడగాలి తల్లీ? ఆ పిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నవాళ్ళు బాగుపడతారా అనే కదా రాశాను.”

“అలా రాస్తే మా పెద్దలు తీసుకోరు. పోలీసుల మీద ఒక కన్ను వేసి ఉంచే మండలి ఇది. వాళ్ళ పనితీరు గురించి ఎవరైనా అడగొచ్చు, దారిన పోయేవాళ్ళయినా సరే. కాకపోతే ముందుగా రాసివ్వాలి. ఎవరి పేరూ ఎత్తకూడదు. పోలీసులు జవాబు చదివాక, దాని మీద ఇంకొక్క ప్రశ్న నోటితో అడగనిస్తారు. దాన్నే అనుబంధ ప్రశ్న అంటారు.”

ఫైళ్ళు మోసుకుపోతున్న అటెండరు ఆగాడు. “ఇక్కడ ప్రశ్న వేయడమంటే నూతిలో రాయి వేయడమేనమ్మా. చప్పుడు మాత్రం బాగా వస్తుంది.”

“నీ నోట మంచి మాట రాదు కదా బాబాయ్,” అని కసిరింది గుమాస్తా.

ఏ కేసో గుమాస్తా వేరే అడగనక్కర్లేదు. సైకిలు దొంగిలించాడన్న అనుమానంతో స్టేషనుకు తీసుకెళ్ళిన కుర్రాడు తెల్లారేసరికి లాకప్పులో శవమయ్యాడు. స్నానాలగదిలో జారిపడ్డాడని పోలీసులన్నారు. ఊరంతా చెవులు కొరుక్కుంది కానీ ఒక్కరూ నోరు విప్పలేదు. వచ్చే సమావేశంలోనూ ఎవరూ ఏమీ అడగకపోతే ఆ విచారణకు అక్కడితో మంగళం పాడేస్తారు.

ఆ కుర్రాడికి ఏమవుతారని మాత్రం గుమాస్తా అడగలేదు. ఈ కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళను ఎవరూ ఆ మాట అడగరు. అడిగితే అంతదాకా ఉగ్గబట్టుకున్న దుఃఖం కట్ట తెగుతుంది. అది ఆ ఆఫీసులో అలవాటైన మర్యాద. అయినా, నిద్రలేక గుంటలు పడ్డ ఆ కళ్ళు చూశాక అడగడానికేముంది?

“ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళను విడివిడిగా విచారించారా, అని రాద్దాం. దీన్నించి తప్పించుకోవడం కష్టం.”

టైలరమ్మ తలవంచుకుని, కుట్టు వేసినంత ఒద్దికగా రాసింది.

“మీవాడికి న్యాయం జరగాలి, అంతే కదా,” అంది గుమాస్తా ఓదార్పుగా.

కలానికి మూత పెట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. “జరగాలి,” అంది చివరికి.

సమావేశం రోజు గుమాస్తా ఆమెను లోపలికి పిలవడానికి వసారాలోకి వచ్చేసరికి, చంకన చంటిపిల్లతో ఒక అమ్మాయి టైలరమ్మ కొంగు పట్టుకుని ఉంది.

“మీకు పుణ్యముంటుంది అత్తయ్యా, ఇంటికి పోదాం రండి. మీరిప్పుడు అడిగినంత మాత్రాన పోయిన ప్రాణం తిరిగొస్తుందా?”

“రాదు.”

“మరి ఉన్నవాళ్ళ గతేంటి? దీని ముఖమైనా చూడండి.”

“చూశానమ్మా. రేపు ఇది పెద్దదై, నానమ్మా నువ్వేం చేశావని అడిగితే, మిషను కుట్టుకుంటూ కూర్చున్నానని చెప్పనా?”

గుమాస్తా కోడలి పక్కకు వెళ్ళి గొంతు తగ్గించింది. “పోలీసులెవరైనా ఇంటికొచ్చి బెదిరించారా? భయపడకుండా చెప్పమ్మా.”

ఆ అమ్మాయి ఆమె వంక వింతగా చూసింది. “మమ్మల్ని ఎవరు బెదిరిస్తారండీ,” అంటూ బల్ల మీద కూలబడి, పిల్లను గుండెలకు అదుముకుంది.

హాల్లో అధ్యక్షుడు, సభ్యులు ఒక వరుసలో కూర్చున్నారు. వాళ్ళకెదురుగా నగర పోలీసు అధికారి. అతను జవాబు గడగడా చదివేశాడు. “అందరినీ విడివిడిగానే విచారించాం. అందరూ ఒకే మాట చెప్పారు. మృతుడు జారిపడ్డాడు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు.”

“అనుబంధ ప్రశ్న ఉందా అమ్మా?” అన్నాడు అధ్యక్షుడు.

టైలరమ్మ లేచింది. గుమాస్తా మైకు ఆమె నోటికి దగ్గరగా జరిపి, ఫరవాలేదన్నట్టు భుజం మీద చెయ్యి వేసింది.

“వాళ్ళ నోళ్ళు చెప్పింది విన్నారు సరే. వాళ్ళ చేతులు చూశారా బాబూ?”

“అర్థం కాలేదు,” అన్నాడు పోలీసు అధికారి.

“ఆ రాత్రి డ్యూటీ దిగినవాళ్ళలో ఒకడి కుడిచెయ్యి బూరెలా వాచిపోయింది. చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోలేకపోయాడు. పక్కవాళ్ళు పెడితే తప్ప మర్నాడు డ్యూటీకి పోలేకపోయాడు. జారిపడింది ఆ పిల్లాడైతే వీడి చెయ్యెందుకు వాచింది?”

పోలీసు అధికారి పక్కనున్న కాగితాల్లో దేనికోసమో వెతకసాగాడు.

“ఇది మొత్తం రికార్డు చేయండి,” అన్నాడు అధ్యక్షుడు. “విచారణ ముగించడం లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరినీ మళ్ళీ పిలిపించాలి.”

ఆ మాట వినగానే గుమాస్తాకు ప్రాణం లేచొచ్చింది. టైలరమ్మ మాత్రం కుర్చీ అంచు పట్టుకుని, నేల చూస్తూ నిలబడిపోయింది. పైకి రాని ఏడుపుతో ఆమె భుజాలు కదులుతున్నాయి.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి మెత్తగా అన్నాడు. “మీ కడుపుకోత మాకు అర్థమవుతోందమ్మా. రికార్డు కోసం ఒక్క మాట అడగక తప్పదు. చనిపోయిన అబ్బాయికి మీరేమవుతారు?”

“ఏమీ కానండి,” అంది టైలరమ్మ.

గుమాస్తా చెయ్యి ఆమె భుజం మీదే ఆగిపోయింది.

“కొట్టినవాడికి తల్లిని.”